ఉరుక్ కొట్లో బార్లీ



బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియంలో ఒక రాతి కలశం ఉంది. ఎత్తు సుమారు ఒక మీటరు. వయసు అయిదు వేల ఏళ్ల పైమాటే. దక్షిణ ఇరాక్‌లో వర్కా అనే చోట, ఒకప్పటి ఉరుక్ నగరపు ఎండిపోయిన దిబ్బల్లో జర్మన్ పురావస్తు బృందం తవ్వుతుంటే బయటపడింది. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ పడిపోయిన రోజుల్లో మ్యూజియం మీద పడ్డ దోపిడీగాళ్లు దాన్ని పీఠం దగ్గర విరిచి ఎత్తుకుపోయారు. రెండు నెలల తర్వాత ఎవరో దుప్పట్లో చుట్టి, కారులో వేసుకొచ్చి అప్పగించి వెళ్లారు. ముక్కలన్నీ అతికించి మళ్లీ నిలబెట్టారు. రేడియోలో బొమ్మ చూపించలేను గనక దాని మీద ఏముందో మాటల్లో చెబుతాను, కింది నుంచి పైకి.

అట్టడుగున అలలు అలలుగా నీళ్లు. నీళ్ల మీద వరసగా మొక్కలు, వాటిలో బార్లీ కంకులు స్పష్టంగా తెలుస్తాయి. మొక్కల మీద గొర్రెలు, పొట్టేళ్లు, ఒకదాని వెనక ఒకటి. గొర్రెల మీద మనుషులు. ఒంటి మీద నూలుపోగు లేకుండా, బుట్టలూ కుండలూ మోసుకుంటూ బారుగా నడుస్తుంటారు. అన్నిటికన్నా పైన, రెల్లు మోపులతో కట్టిన ద్వారస్తంభాల ముందు ఒక స్త్రీ నిలబడి ఆ బుట్టలు అందుకుంటోంది. ఆమె ఇనన్నా దేవత అయినా కావచ్చు, దేవత తరఫున పుచ్చుకునే పూజారిణి అయినా కావచ్చు. ఆమె వెనక కొట్టు ఉంది, అందులో సరుకు పేర్చి ఉంది. ఈ ఊరేగింపుకు ముందు నడిచే దొర ఒకడు ఉండాలి. ఆ భాగం విరిగిపోయింది. అతని పాదమూ, వెనక నౌకరు పట్టుకున్న వస్త్రపు కొసా మాత్రం మిగిలాయి. అయిదు వేల ఏళ్లలో సరిగ్గా పెద్దమనిషి బొమ్మే ఊడిపోవడం నాకు కాస్త తమాషాగా ఉంటుంది.

నీళ్లున్నాయి, పంట పండింది, మంద పెరిగింది, మనుషులు మోశారు, గుడి పుచ్చుకుంది. ఉరుక్ నగరం తన కథను తానే ఇలా చెప్పుకుంది. మన బడి పుస్తకాల్లో ఉండేదీ దాదాపు ఇదే: మనిషి సేద్యం నేర్చాడు, తిండి మిగిలింది, మిగిలింది కాబట్టి పల్లె పట్నమైంది. వినడానికి బాగానే ఉంటుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం కుదరదు. పశ్చిమాసియాలో గోధుమ, బార్లీ సాగు స్థిరపడింది సుమారు క్రీస్తుపూర్వం 8500 ప్రాంతంలో. ఉరుక్ నగరమైంది క్రీస్తుపూర్వం 3500 ప్రాంతంలో. మధ్యలో అయిదు వేల ఏళ్లు. మనకూ ఉరుక్‌కూ మధ్య ఎంత కాలం ఉందో, ఉరుక్‌కూ మొదటి రైతుకూ మధ్య దాదాపు అంత కాలం ఉంది. తిండి మిగిలితే చాలు నగరం వస్తుందనుకుంటే, ఇంత ఆలస్యం ఎందుకైనట్టు? ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఆలస్యం గురించే.

ఆగ్నేయ టర్కీలో కరజదాగ్ అనే కొండ ఉంది. ఆ వాలుల మీద అడవి గోధుమ ఎవరూ విత్తకుండానే ఇప్పటికీ మొలుస్తుంది. 1966లో జాక్ హార్లన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి, చెకుముకి రాతి పలుకులు బిగించిన పాతకాలపు కొడవలితో కోసి చూశాడు. గంటకు కిలో దాకా శుభ్రమైన గింజ చేతికొచ్చింది. ఒక కుటుంబం మూడు వారాలు కష్టపడితే ఏడాదంతా తిన్నా తరగనంత పోగవుతుందని ఆయన లెక్క. మూడు వారాల కోతతో ఏడాది గడిచేటప్పుడు దున్నడం, విత్తడం, కలుపు తీయడం ఎవడికి కావాలి? అడగాల్సిన ప్రశ్నే. నిజానికి సేద్యం పుట్టకముందే ఆ ప్రాంతంలో కొందరు ఒకచోట ఇళ్లు కట్టుకుని అడవి గింజ మీద బతికారు. అదే నేలలో గోబెక్లీ తెపె దగ్గర క్రీస్తుపూర్వం 9500 నాటికే వేటగాళ్లు నిలువెత్తు రాతి స్తంభాలు చెక్కి నిలబెట్టారు. ఒకచోట ఉండటానికీ, పెద్ద కట్టడాలకీ సాగు తప్పనిసరి షరతు కాదన్నమాట.

ఎందుకు మొదలైందన్న వాదం ఇంకా తెగలేదు గాని, ఎలా జరిగిందో బాగా తెలుసు. అడవి గోధుమ కంకి పండగానే విడిపోయి గింజ రాలిపోతుంది. మొక్కకు అదే క్షేమం. ఎప్పుడో ఒకసారి, ఏదో మార్పు వల్ల, గింజను గట్టిగా పట్టుకుని ఉండే కంకి పుడుతుంది. అడవిలో అది బతకదు. కొడవలి పట్టిన మనిషికి దొరికేది మాత్రం అదే, ఎందుకంటే మిగతావి ఇల్లు చేరేలోపే రాలిపోతాయి. దాచిన గింజలో కొంత మళ్లీ విత్తితే ఆ రాలని రకమే పెరుగుతూ పోతుంది. ఇది ఒక తరంలో జరిగే పని కాదు, వెయ్యేళ్లకు పైగా పట్టింది. చివరికి మనిషి చేతులు లేకపోతే మొలవలేని గోధుమ తయారైంది, గోధుమ లేకపోతే కడుపు నిండని మనిషీ తయారయ్యాడు.

ఆ మనిషికి పని పెరిగింది. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురేరా అనే పాత ఊరు ఉండేది. ఆనకట్ట నీళ్లలో మునిగిపోయేలోపు 1972, 73లలో హడావుడిగా తవ్వారు. అక్కడి ఎముకలను పరిశీలించిన థియా మోలిసన్ ఒక సంగతి గమనించింది. ఆడవాళ్ల మోకాళ్లు, నడుం కింది పూసలు, కాలి బొటనవేళ్లు అరిగి వంకరపోయి ఉన్నాయి. రోజూ గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లు నేలకు తన్నిపెట్టి, రాతి పలక మీద గింజలు నూరినందువల్ల వచ్చిన అరుగుదల అది. కలశం మీద నీళ్లున్నాయి, పంట ఉంది, మోసేవాళ్లున్నారు. నూరే ఆడమనిషి లేదు.

ఇంత కష్టమైతే ఎందుకు మానలేదు? మానే వీల్లేకపోయింది. ఒకచోట కుదురుకున్న కుటుంబాల్లో పిల్లలు త్వరత్వరగా పుడతారు. పాలు మాన్పించడానికి జావ ఉంది. రెండు మూడు తరాల్లో ఊరు ఎంత పెరుగుతుందంటే, ఆ జనాన్ని మళ్లీ వేట పోషించలేదు.

ఇక పల్లెల కాలం వచ్చింది. అది చాలా పొడవైనది. దాన్ని చరిత్ర పుస్తకాలు ఒక పేరాలో దాటేస్తాయి, నేనూ ఎక్కువసేపు నిలవను. జెరికోలో క్రీస్తుపూర్వం 8000 నాటికే ఎనిమిది మీటర్లకు పైగా ఎత్తున్న రాతి బురుజు కట్టారు, లోపల మెట్లతో సహా. 1950లలో కేథలీన్ కెన్యన్ దాన్ని తవ్వి తీసింది. అయినా జెరికో పెద్ద ఊరే, నగరం కాదు. టర్కీలోని చాతల్‌హోయుక్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. క్రీస్తుపూర్వం 7100 నుంచి వెయ్యేళ్లకు పైగా జనం అక్కడ ఒకరి గోడకు ఒకరు గోడ ఆనించి ఇళ్లు కట్టుకున్నారు. వీధులు లేవు. ఇంటి కప్పు మీద నడిచి, కప్పులోని కన్నం నుంచి నిచ్చెన దిగి ఇంట్లోకి వెళ్లాలి. చచ్చిపోయిన వాళ్లను ఇంట్లోనే, పడుకునే అరుగుల కింద పూడ్చుకున్నారు. ఇళ్లన్నీ ఇంచుమించు ఒకే పాటి. రాజుగారి మేడ లేదు, అందరికీ ఉమ్మడి గుడి అనదగ్గదీ దొరకలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: ఏ ఇంటి గింజ ఆ ఇంట్లోనే ఉంది. ప్రతి ఇంటికీ ఒక పక్క గది, అందులో మట్టితో చేసిన గాదెలు. పంట పండింది, మిగిలింది కూడా. మిగిలింది ఎవరిది వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

నగరానికి పట్టిన ఆలస్యం కథ నాకు కనిపించినంతలో ఈ గాదెలోనే ఉంది. రైతుకు తన ఇంటికి చాలినంతా, ఒక చెడ్డ ఏడాదికి సరిపడా పండితే చాలు. అంతకు మించి ఒళ్లు వంచి పండించాలంటే ఏదో ఒకటి అతన్ని పురమాయించాలి. దేవుడో, అప్పో, భయమో, తిరునాళ్లో. 1950లో గోర్డన్ చైల్డ్ అనే ఆస్ట్రేలియా పురావస్తువేత్త తొలి నగరాల లక్షణాలు పది రాసి పెట్టాడు. జనసాంద్రత, చేతివృత్తులు, లిపి, పెద్ద కట్టడాలు, దూరదేశ వ్యాపారం వగైరా. అన్నిటికీ మూలం మిగులు అన్నాడు. ఆ వ్యాసాన్ని ఇప్పటికీ చదవాల్సిందే. అయితే మిగులు చెట్టు మీద పండు లాగా దానంతట అది వేలాడదు. ఇంటి గాదె నుంచి దాన్ని ఎవరో బయటికి తీయాలి. ఎక్కడ, ఎవరు తీశారు?

దక్షిణ మెసొపొటేమియాలో, టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు సముద్రం చేరే ముందున్న పల్లపు నేలలో. వ్యవసాయం పుట్టిన కొండల నుంచి ఇది చాలా దూరం. చూస్తే ఎందుకూ పనికిరాని చోటు అనిపిస్తుంది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఆ వానకు బార్లీ మొలకెత్తినా గింజ కట్టదు. రాయి లేదు, లోహం లేదు, దూలానికి పనికొచ్చే మాను లేదు. ఉన్నది ఒండ్రు, రెల్లు, చేపలు, ఖర్జూరం. నదులున్నాయి గాని వాటి బుద్ధి తిక్కది. నైలు నది వరద విత్తనాల ముందు వచ్చి, నేల తడిపి, వెనక్కి పోతుంది. టైగ్రిస్, యూఫ్రటీస్‌లకు వరద టర్కీ కొండల్లో మంచు కరిగాక ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, అంటే సరిగ్గా బార్లీ కోతకొచ్చినప్పుడు. విత్తే అక్టోబరు, నవంబరులలో నది అడుగంటి ఉంటుంది. కావాల్సినప్పుడు నీళ్లు చాలవు, వద్దన్నప్పుడు పొలం మీద పడతాయి. అందుకని కాలవ తవ్వాలి, గట్టు వెయ్యాలి, ఏటేటా పూడిక తియ్యాలి. ఒక ఇంటి మనుషులతో అయ్యే పని కాదు.

కాలవ నీళ్లు అందినచోట మాత్రం ఆ ఒండ్రు నేల ఇచ్చే దిగుబడి కొండ చెలకల్లో ఊహకందదు. కాలవ మొదట్లో ఉన్నవాడికీ చివర ఉన్నవాడికీ ఆ దిగుబడిలో తేడా ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చివరి భూముల రైతుకు ఈ మాట నేను విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టు మీద మెరక పొలం ఉన్న కుటుంబం బలపడుతుంది, కింద చౌడు పొలం ఉన్న కుటుంబం బాకీ పడుతుంది. వాన అందరికీ ఒక్కలాగే పడుతుంది, కాలవ అలా పారదు.

ఇంకొక సౌకర్యం ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు: పడవ. గాడిద మీద బార్లీ బస్తాలు వేసుకుని వారం నడిస్తే దారిలో గాడిద తిండికీ, తోలేవాడి తిండికీ చాలా భాగం పోతుంది. నీటి మీద అయితే చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల గింజ తక్కువ ఖర్చుతో ఒకచోటికి చేరుతుంది. ఉరుక్ చుట్టూ నదీపాయలు, కాలవలు, చిత్తడి మడుగులు అల్లుకుని ఉండేవి. గియర్మో అల్గాజే అనే పండితుడు ఉరుక్ పైచేయి సాధించడానికి ఈ జలరవాణానే ముఖ్య కారణంగా చెప్పాడు. నాకు ఈ వాదన బాగా నచ్చుతుంది, ఎందుకంటే ఇది ఎవరి తెలివితేటల్నీ అడ్డం పెట్టుకోదు.

గుడి సంగతికి వద్దాం. ఉరుక్‌కు దక్షిణాన ఎరిదు అనే ఊరు ఉంది. 1940ల చివర్లో ఫువాద్ సఫర్, సీటన్ లాయిడ్ అక్కడి గుడి దిబ్బను తవ్వితే ఒక గుడి కింద మరో గుడి, దాని కింద ఇంకొకటి, పొరలు పొరలుగా బయటపడ్డాయి. చిట్టచివరి పొరల్లో ఉన్నది మూడు మీటర్ల పాటి చిన్న గది, లోపల ఒక అరుగు. పైకి వచ్చేకొద్దీ గుడి పెద్దదవుతూ, ఎత్తయిన వేదిక ఎక్కుతుంది. అదే చోట, వందల ఏళ్ల పాటు, పాత గుడి మీదే కొత్త గుడి. పై పొరల గుళ్లలో నైవేద్యంగా పెట్టిన చేపల ఎముకలు కుప్పగా దొరికాయి. ఇంటి గాదెలోంచి బయటికొచ్చిన మొదటి పిడికెడు గింజ పన్ను పేరుతో వచ్చి ఉండదు, మొక్కుబడిగా వచ్చి ఉంటుంది. ఎవరూ గుంజుకోలేదు, సంతోషంగానే ఇచ్చారు. కరువు వచ్చినప్పుడు గుడి తిరిగి పెట్టింది కూడా. అలవాటు పడ్డ తర్వాత ఎంత తేవాలో గుడి చెప్పడం మొదలైంది.

క్రీస్తుపూర్వం 3100 నాటికి ఉరుక్ విస్తీర్ణం సుమారు 250 హెక్టార్లు. జనాభా 25,000 నుంచి 50,000 దాకా ఉండవచ్చని అంచనాలు. అంతకుముందు ప్రపంచంలో అంత దట్టంగా మనుషులు ఒకచోట ఉన్నట్టు దాఖలాలు చాలా అరుదు. రాబర్ట్ ఆడమ్స్ అనే అమెరికన్ పండితుడు ఆ ఎడారిలో ఏళ్ల తరబడి తిరిగి, నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న కుండ పెంకులను బట్టి ఏ ఊరు ఏ కాలంలో ఉందో పటం గీశాడు. ఆ తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో నగరం ఇంకా ఉబ్బుతున్న కొద్దీ చుట్టూ పల్లెలు ఖాళీ అవుతూ వచ్చాయి. నగరం ఊళ్ల పక్కన మరో ఊరుగా పెరగలేదు, ఊళ్లను తనలోకి లాగేసుకుంది.

అంతమంది రోజూ ఏం తిన్నారు? జవాబు ఒక అందవికారమైన గిన్నెలో ఉంది. ఏటవాలు అంచున్న ముతక మట్టిగిన్నె. మట్టిలో గడ్డి కలిపి, అచ్చులో అదిమి, కాల్చి పారేసిన సరుకు, చక్రం మీద తిప్పింది కాదు. ఉరుక్ కాలపు తవ్వకాల్లో ఇవి లక్షలకొద్దీ ఉంటాయి, చాలా పగలకుండానే. బంతిభోజనాల తర్వాత విస్తళ్లు పారేసినట్టు పారేశారు. దీంతో పనివాళ్లకు రోజువారీ గింజ కొలిచి పోశారని ఒక వాదం, రొట్టె కాల్చే మూస అని ఇంకొకటి. ఏదైనా గాని, ఒక్కటి నిజం: ఇది ఇంట్లో అమ్మ వడ్డించే పాత్ర కాదు. ఒకే కొలతలో, వందలాది మందికి, ఇంకెవరో తిండి పెట్టారు. ఉరుక్ తొలి రాతలో తినడం అనే పనికి గీసిన బొమ్మ ఒక మనిషి తల, నోటి దగ్గర అచ్చం ఈ గిన్నె.

ఆ రాత ఎందుకు పుట్టిందో తెలిస్తే కవులకు కాస్త కష్టంగానే ఉంటుంది. ఉరుక్‌లో దొరికిన తొలి మట్టిపలకలు, ముక్కలతో కలిపి, సుమారు 5,000. అందులో వందకు 85 దాకా జమాఖర్చులు. ఇంత బార్లీ వచ్చింది, ఇన్ని గొర్రెలు పోయాయి, ఇన్ని కుండల బీరు ఇచ్చాం. మిగతావి రాయసగాళ్లు రాత నేర్చుకోవడానికి పెట్టుకున్న మాటల పట్టికలు. ఒక ప్రార్థన లేదు, ఒక పాట లేదు. సాహిత్యం అనదగ్గది రావడానికి ఇంకా అయిదారు వందల ఏళ్లు పట్టింది. ఒక పలక మీద ఇలా ఉంది: బార్లీ 29,086 కొలతలు, 37 నెలలు, కుషిమ్. ఆ బార్లీ ఇవాళ్టి లెక్కలో సుమారు 1,35,000 లీటర్లు. కుషిమ్ బీరు కాచే కొట్టుకు బార్లీ, మొలకగింజ లెక్క చూసేవాడు. అది మనిషి పేరో, ఆ ఉద్యోగం పేరో తేలలేదు. మనిషి పేరే అయితే, మనకు పేరుతో సహా తెలిసిన అతి ప్రాచీన మానవుల్లో ఒకడు రాజూ కాదు, ఋషీ కాదు, గుమాస్తా. వేర్వేరు సరుకులకు వేర్వేరు లెక్కింపు పద్ధతులు వాడారు వాళ్లు. గొర్రెలను లెక్కపెట్టే అంకెలు వేరు, బార్లీ కొలిచే అంకెలు వేరు. మొత్తం అలాంటివి పదికి పైగా ఉన్నాయి. పాపం, ఆ కాలంలో లెక్కలు నేర్చుకున్న కుర్రాళ్ల అవస్థ ఊహించండి.

బార్లీయే ఎందుకు? జేమ్స్ స్కాట్ అనే రాజనీతి శాస్త్రవేత్త 2017లో ఒక పుస్తకంలో దీని గురించి సూటిగా రాశాడు. తొలి రాజ్యాలన్నీ ధాన్యం మీదే నిలబడ్డాయి, దుంపల మీద నిలబడినది కనబడదు. ధాన్యం నేల పైన పండుతుంది, కంటపడకుండా దాచడానికి వీల్లేదు. ఊరంతా ఒకేసారి కోతకొస్తుంది, సరిగ్గా ఆ వారం వసూలుదారు కళ్లం దగ్గర నిలబడితే చాలు. కొలిచి పంచుకోవచ్చు, ఏళ్ల తరబడి నిలవ పెట్టుకోవచ్చు, పడవలో వేసి పంపవచ్చు. కంద, చిలగడదుంప లాంటివైతే నేల అడుగున ఉంటాయి. ఎంతుందో పైకి తెలియదు, తవ్వితేగాని చేతికి రావు, తవ్వితే ధాన్యంలా ఏళ్ల తరబడి నిలవుండవు. స్కాట్ వాదనను మొత్తం ఒప్పుకోలేం. దక్షిణ అమెరికా ఇంకాలు బంగాళాదుంపను ఎండబెట్టి, గడ్డకట్టించి రాజ్యం కోసం నిలవ చేశారు. అయినా వాళ్లకూ మొక్కజొన్న కావలసి వచ్చింది.

పలకలు పెరిగిన కొద్దీ మనుషుల మీద కూడా ధర పడింది. ఉరుక్ తర్వాత వెయ్యేళ్లకు, క్రీస్తుపూర్వం 2100 నుంచి 2000 దాకా సాగిన ఊర్ నగరపు మూడో రాజవంశం నాటి జమాఖర్చుల్లో మగ కూలికి నెలకు 60 సిలాల బార్లీ, ఆడ కూలికి 30. సిలా అంటే ఇంచుమించు ఒక లీటరు. ఉన్ని నేసే కార్ఖానాల్లో వేలమంది ఆడవాళ్లు, పక్కనే వాళ్ల పిల్లలు, ఆ పిల్లలకు కూడా వయసును బట్టి కొలత. వాళ్లలో యుద్ధాల్లో పట్టి తెచ్చినవాళ్లూ ఉన్నారు.

నీటి కోసం పొలం కోసం పక్క నగరాలు కొట్టుకోవడం కూడా ఇక్కడే మొదటిసారిగా రాతకెక్కింది. లగాష్, ఉమ్మా అనే రెండు నగరాల మధ్య గుయెదెన్నా అనే సారవంతమైన మైదానం ఉండేది. ఉమ్మావాళ్లు అందులో కొంత సాగు చేసుకుని లగాష్‌కు బార్లీ ఇవ్వాలని ఒప్పందం. ఇవ్వలేదు. బాకీకి వడ్డీ, వడ్డీకి వడ్డీ. చివరికి ఆ మొత్తం ఎవరూ తీర్చలేని సంఖ్యగా శాసనంలో కనిపిస్తుంది. అంతకుముందే, క్రీస్తుపూర్వం 2450 ప్రాంతంలో, లగాష్ రాజు ఎయన్నాతుమ్ యుద్ధం గెలిచి, శత్రువుల శవాలను రాబందులు పీక్కుతింటున్నట్టు రాతిమీద చెక్కించుకున్నాడు. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తరాల తరబడి సాగిన ఆ తగాదాకు మూలం ఒక సరిహద్దు కాలవ, కొంత బార్లీ.

చౌడు అన్నాను ఇందాక. ఏటేటా నీళ్లు పెట్టి, మురుగు పోయే దారి లేకపోతే, భూగర్భంలోని ఉప్పు పైకి తేలుతుంది. 1958లో జాకబ్సన్ అనే పండితుడూ, ఇందాక చెప్పిన ఆడమ్సూ కలిసి రాసిన ఒక పత్రంలో దక్షిణ మెసొపొటేమియా కుండల మీద పడ్డ గింజల అచ్చుల నుంచీ, పలకల నుంచీ లెక్కలు తీశారు. క్రీస్తుపూర్వం 3500 నాటికి గోధుమ, బార్లీ ఇంచుమించు సమంగా ఉంటే, 2100 నాటికి గోధుమ నూటికి రెండు పాళ్లకు పడిపోయింది. ఉప్పును బార్లీ కొంత ఓర్చుకుంటుంది, గోధుమ ఓర్చుకోదు. ఆ అంకెలను తప్పుపట్టినవాళ్లున్నారు. ఆ నేలలో రైతుకు ఉప్పుతో పోరు తప్పలేదన్నది మాత్రం ఎవరూ కాదనరు.

ఇదొక్కటే దారి అనుకోకండి. ఉక్రెయిన్‌లో క్రీస్తుపూర్వం 4000 ప్రాంతంలో, ఉరుక్ కన్నా ముందే, తాల్యాంకీ లాంటి ఊళ్లు 300 హెక్టార్లకు పైగా పరుచుకున్నాయి. వలయాలు వలయాలుగా వేలకొద్దీ ఇళ్లు. మేడ లేదు, రాత లేదు. కొన్ని వందల ఏళ్లకే వదిలేశారు. సింధు లోయలో బలూచిస్తాన్ అంచున మెహర్‌గఢ్‌లో క్రీస్తుపూర్వం 7000 నుంచే బార్లీ పండింది. మొహెంజొదారో, హరప్పా నగరాలైంది 2600 ప్రాంతంలో. అక్కడా నాలుగు వేల ఏళ్లకు పైగా ఎదురుచూపే. మొహెంజొదారోలో ఒక పెద్ద కట్టడాన్ని మార్టిమర్ వీలర్ అనే పురావస్తువేత్త ధాన్యాగారం అన్నాడు, చాలా పాఠ్యపుస్తకాలూ అదే మాట పట్టుకున్నాయి. అందులో ఒక్క గింజ దొరకలేదు. కొట్టు ఉంటేనే నగరం అని మనసులో పెట్టుకుని చూస్తే కొట్టే కనిపిస్తుంది.

మరి మన దక్కను సంగతి? పాలమూరు వైపు ఉత్నూరు అనే చోట ఒక బూడిద దిబ్బ ఉంది. అనంతపురం వైపు పాలవాయిలో ఇంకొకటి. బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లో పదుల సంఖ్యలో ఉన్నాయి. రాక్షసులను కాల్చిన బూడిదని జనం చెప్పుకునేవారు. 1950ల చివర్లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తువేత్త ఉత్నూరు తవ్వితే, కర్రల కంచె వేసిన పశువుల దొడ్డి, నేలలో గిట్టల గుర్తులు, దాని మీద పొరలు పొరలుగా కాలిన పేడ కనిపించాయి. క్రీస్తుపూర్వం 3000 తర్వాత, అంటే ఉరుక్‌లో కుషిమ్ లెక్కలు రాసిన కాలం దాటాక, ఇక్కడ మనుషులు ఆవుల్ని పెంచుతున్నారు. ఉలవలు, పెసలు, అండు కొర్రలు పండిస్తున్నారు. సేద్యం వచ్చింది, ఉలవలు నిలవ కూడా ఉంటాయి. నగరం రాలేదు. రెండు వేల ఏళ్లకు పైగా రాలేదు.

రావాల్సిన అవసరం లేకపోయింది. పొలం వానమీద ఆధారపడ్డది, చిన్నది, ఎవరిది వాళ్లది. కాలవ లేదు కాబట్టి కాలవ పెద్ద లేడు. ఆస్తి నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. వసూలుదారు వస్తున్నాడని తెలిస్తే మందను తోలుకుని కొండ దాటిపోవచ్చు. వాళ్లు కలిసి పెద్ద పనులు చెయ్యలేదని కాదు. అంతంత పేడ కుప్పలు పోసి, అంతంత మంటలు పెట్టడం ఒక ఇంటి పని కాదు, ఏదో పండగో జాతరో అయి ఉంటుంది. ఎరిదులో మొక్కుబడి గుడి కొట్లోకి వెళ్లింది, ఇక్కడ మంటల్లోకి పోయింది. మిగులును తగలబెట్టుకున్న సమాజం వెనకబడ్డదని నేను అనను. వాళ్లలో ఎవరి ఆడవాళ్లూ నెలకు 30 లీటర్ల బార్లీకి ఉన్ని నేయలేదు.

మన దగ్గరా నగరాలు వచ్చాయి, ఆలస్యంగా. ఇనుము వచ్చాక, వరి పల్లపు నేలల్లో కుదురుకున్నాక, ఉత్తరాది వ్యాపారమూ సముద్ర వ్యాపారమూ తగిలాక. ధూళికట్ట, కోటిలింగాల, ధరణికోట. రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలో ఆంధ్రుల గురించి రాస్తూ, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, 1,00,000 కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నాడు. ఆ సమాచారం ఆయనకంటే మూడు వందల ఏళ్లకు పైగా ముందరి గ్రీకు రాయబారి మెగస్తనీస్‌ది కావచ్చంటారు. అంకెల్లో అతిశయం ఉందనే అనుకుందాం. అందులో పదో వంతు సైన్యానికైనా తిండి పెట్టాలంటే, ఎక్కడో ఒక కొట్టు దగ్గర వడ్లు కొలిచి రాసుకున్న మనిషి ఉండే ఉంటాడు. తాటాకు మీదో గుడ్డ మీదో రాసి ఉంటాడు, అవి ఉరుక్ మట్టిపలకల్లా ఇన్ని వేల ఏళ్లు నిలవవు. మన కుషిమ్ పేరు మనకు తెలియదు.